గుమ్మం కంటే పైకొచ్చిన రోడ్డు

మా ఆయన రోడ్డు రోలరు నడుపుతాడు. ఈ మాట ఎవరితోనైనా అంటే ముందు నవ్వుతారు. "అదెక్కి వెళ్లడం కంటే నడిచి వెళ్తే ముందే చేరతాం కదా" అంటారు. నిజమే, నిదానపు బండి. దాన్ని నడిపే మనిషీ అంతే. ఇంట్లో పప్పు మాడిపోతోందని కేకేస్తే ఆయన లేచి వచ్చేసరికి గిన్నె కూడా మాడిపోతుంది.

ఆయనకు ఈ లోకంలో అసహ్యం పుట్టించేది ఒక్కటే, సరిగా తొక్కించని రోడ్డు. బస్సులో వెళ్తున్నంతసేపూ కిటికీలోంచి కిందికే చూస్తాడు. ఎక్కడైనా గతుకు తగిలితే "ఛీ, ఎవడు తొక్కించాడో" అని మొహం చిట్లిస్తాడు. రోలరు చప్పుడుకి చెవులు సగం పోయాయి కాబట్టి మెల్లగా అన్నాననుకుని గట్టిగా అంటాడు. పక్క సీట్లో వాళ్లు తమనే అన్నాడనుకుని లేచి వేరే చోట కూర్చుంటారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

వాళ్ల పనిలో ఒక కట్టుబాటు ఉంది. వేడి తారు మీద రోలరు ఆగకూడదు. ముందుకి పోతూ ఉండాలి, వెనక్కి వస్తూ ఉండాలి. ఆగిందంటే ఆ బరువుకి కింద తారు కుంగిపోయి, ఇనుప చక్రం ఎంత వెడల్పుంటే అంత వెడల్పున గాడి పడుతుంది. చల్లారాక దాన్ని సరిచేయడం ఎవరి తరమూ కాదు. మా ఆయన మూత్రానికి వెళ్లాలన్నా బండిని చల్లారిన రోడ్డు మీదకి తీసుకుపోయి ఆపి, అప్పుడు దిగుతాడు. తన సర్వీసులో ఒక్క గాడి కూడా పడలేదని ఆయన గొప్ప. తను తొక్కించిన రోడ్డు మీద చుక్క నీరు నిలవదని ఇంకో గొప్ప. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయని నేనడిగితే మాత్రం చెవులు పూర్తిగా పోతాయి.

అంత శుభ్రం మనిషి కదా, ఇంట్లో ఎలా ఉంటాడో చూడాలి. సాయంత్రం ఆ ఇనుప చక్రాన్ని మాత్రం అన్నం తినే కంచం కడిగినట్టు కడిగి వస్తాడు. తన కాళ్లు కడగడు. మడమలకి అంటుకున్న తారుతో అలాగే లోపలికొచ్చేస్తాడు. వంటింటి దాకా నల్లటి అడుగులు. కిరసనాయిలు గుడ్డతో ఆ మరకలు రుద్ది రుద్ది నా గోళ్లు నల్లబడ్డాయి. అన్నం కలిపినప్పుడు ఆ వాసన చేతికి తగిలితే ముద్ద నోట్లోకి పోదు. తినేటప్పుడు ఆయన చెయ్యి ఇంకా రోలరు మీద ఉన్నట్టే వణుకుతూ ఉంటుంది. మజ్జిగ సగం కంచంలో, సగం ఒంటి మీద. చూడబుద్ధి కాదు.

ఇక మా ఇల్లు. మా మామ కట్టిన రోజుల్లో వీధిలోంచి మూడు మెట్లెక్కితే గుమ్మం. మా అత్త పై మెట్టు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ల నెత్తిలో ఎవరికి తెల్లవెంట్రుకలు వచ్చాయో చెప్పేదట. మా వీధికి రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని గీకి తీసేయకుండా దాని మీదే కొత్త పొర పోశారు. గీకే యంత్రం తేవడం ఎవరికీ పట్టదు. పోయడం సుళువు. ఒక్కో పొరకీ ఒక్కో మెట్టు లోపలికి పోయింది. ఆ మెట్లని పాతిపెట్టి పైన గట్టిగా తొక్కించింది ఎవరు? మా ఆయనే. తొక్కించి ఇంటికొచ్చి "మన వీధి అద్దంలా ఉందే, చూశావా" అన్నాడు. చూశాను. అద్దం ఇప్పుడు నా గుమ్మం కంటే ఎత్తులో ఉంది.

నీళ్లు లోపలికొస్తున్నాయని ఒకసారి ఇంట్లో మట్టి పోయించి నేల ఎత్తు చేశాం. దాంతో కప్పు దగ్గరైంది. మా ఆయన వంటింట్లోకి వంగి పోతాడు, పంకా తిరుగుతుంటే ఎవరూ చెయ్యి పైకెత్తరు. మా అత్త మంచం మీద పడుకుని "నేల పైకొస్తోంది, కప్పు కిందికొస్తోంది, నన్నెప్పుడు నొక్కేస్తాయో" అంటుంది. ఇప్పుడు ఆమె గుమ్మంలో కూర్చుంటే కనిపించేవి జనం తలలు కాదు, మడమలు. పగిలిన మడమలు, పేడ తొక్కిన చెప్పులు. అయినా ఎవరి కాళ్లో పోల్చేస్తుంది.

వాన పడితే ఆ అద్దం మీంచి నీళ్లన్నీ నేరుగా మా ఇంట్లోకి వస్తాయి. నీళ్లంటే వాననీళ్లే అనుకోకండి. పొంగిన కాలవలో ఏముంటే అది. సబ్బు నురగ, చిక్కుపడ్డ వెంట్రుకలు, ఎవరో పుక్కిలించి ఉమ్మింది, చచ్చిన బొద్దింకలు, ఒకసారి ఎవరి పుండుకో కట్టిన గుడ్డ. అది తేలుతూ వచ్చి మా అత్త మంచం కోడుకి చుట్టుకుంది. పుల్లతో తీసి పారేశాను. రెండు రోజులు అన్నం సయించలేదు. నీళ్లు తోడేశాక కూడా గోడ మీద గోధుమరంగు చార, దుప్పట్లలో కంపు ఉండిపోతాయి. ఎండ వచ్చి నేల ఆరితే ఆ కంపు ఇంకా పెరుగుతుంది.

ఇలా ఉండగా మా వీధికి మళ్లీ రోడ్డు వేస్తున్నారని మా ఆయన సంబరంగా చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. ఇంకొక్క పొర పడితే ఇక ఈ ఇంట్లో ఉండలేం. నేల ఎత్తు చేయడానికి కప్పు ఒప్పుకోదు. పోదామంటే ఇంకో ఇల్లు లేదు.

"ముందు పాతది గీకమని చెప్పు" అన్నాను.

"నేనెవర్ని చెప్పడానికి? వాళ్లు పోస్తారు, నేను తొక్కిస్తాను."

"నీ తల్లి మురుగులో పడుకుంటోంది. అదీ నువ్వే తొక్కించావు."

మర్నాడు మేస్త్రీని అడిగాడట. మేస్త్రీ ఏమన్నాడంటే, "గీకే మిషను ఖాళీ లేదన్నా, ఈసారికి కానిచ్చేద్దాం." మా ఆయన ఆ మాట మోసుకొచ్చి నాకు అప్పజెప్పి, పని అయిపోయినట్టు అన్నానికి కూర్చున్నాడు. ఆ వణికే చెయ్యి చూస్తుంటే జాలి కాదు, రోత పుట్టింది. కంచం పెట్టి పక్కకి పోయాను.

తారు వచ్చిన రోజు పొద్దున్నే ఆ ఘాటు వాసనకి మెలకువ వచ్చింది. వీధి పై చివర మెరక మీదుంది, అక్కడి ఇళ్లకు ఏ బాధా లేదు. పని అక్కడ మొదలుపెట్టి కిందికి దిగుతున్నారు. ముందు తారు పరిచే యంత్రం, దాని వెనకాల ముందుకీ వెనక్కీ మా ఆయన. నాలుగిళ్ల అవతల దర్జీ కొట్టు దాకా వచ్చారు. నేను పీట తెచ్చుకుని మా ఇంటి ఎదురుగా రోడ్డు మధ్యలో వేసుకుని కూర్చున్నాను. మా అత్త చేతికర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నాకో పీట వెయ్యవే" అంది.

"నువ్వెందుకు అత్తా, ఎండ."

"మురుగు కంటే ఎండ నయమే."

తెచ్చి వేశాను. ఇద్దరం కూర్చున్నాం. యంత్రం మాకు కాస్త దూరంలో ఆగింది. మేస్త్రీ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటి వదినా ఇది? పక్కకి జరగండి, తారు చల్లారిపోతోంది."

"పాతది గీకి, అప్పుడు పొయ్యండి."

"అది నా చేతిలో ఉందా?"

"నా ఇంట్లోకొచ్చే మురుగు నా చేతిలో ఉందా?"

మేస్త్రీ మా అత్త వైపు తిరిగాడు. ఆమె అతని కాళ్లు చూస్తూ "కిందటిసారి కూడా నువ్వే వచ్చావు. బొటనవేలు వంకర" అంది. అతను వెనక్కి పోయి రోలరు దగ్గర నిలబడి అరిచాడు. "అన్నా, మీ ఆవిణ్ణి లేపు. లేకపోతే నేను పోలీసుల్ని పిలవాలి."

మా ఆయన అంతసేపూ మా వైపు చూడకుండా వేడి తారు మీద ఇటూ అటూ తిరుగుతూనే ఉన్నాడు. ఆయన దిగొచ్చి నన్ను చెయ్యి పట్టి లాగేస్తాడనే అనుకున్నాను. అలా లాగితే వీధిలో అందరి ముందూ ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. రోలరు దర్జీ కొట్టు ముందుకి వచ్చి ఆగింది. చల్లారిన వైపు పోలేదు. అక్కడే, పొగలు వస్తున్న తారు మీదే ఆగింది. ఇంజను చప్పుడు కూడా ఆగిపోయింది.

మేస్త్రీ మొహం పాలిపోయింది. "అన్నా, బండి తారు మీదుంది."

"తెలుసు" అన్నాడు మా ఆయన.

దిగి మెల్లగా, ఆయన నడకే మెల్లగా కదా, మా దగ్గరకి వచ్చాడు. తాళంచెవి తల్లి చేతిలో పెట్టాడు. ఆమె గుప్పిట బిగించింది. ఆయన నా పక్కన నేల మీద చతికిలబడి, రోలరు వైపు చూస్తూ కూర్చున్నాడు. అది కొద్దికొద్దిగా కుంగుతోంది. మనకి తెలిసేంత కాదు, ఆయనకి తెలిసేంత. బస్సులో గతుకు తగిలినప్పటిలా మొహం చిట్లించాడు. నేను సిద్ధం చేసుకున్న మాటలేవీ ఇప్పుడు పనికిరావు.

దిగువ ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే కుర్చీలు, బల్లలు తెచ్చుకున్నారు. మధ్యాహ్నానికి ఇంజనీరు వచ్చాడు. వీధి నిండా కూర్చున్న జనాన్ని, గట్టిపడిన తారులో దిగబడిన రోలరుని చూసి తల పట్టుకున్నాడు. ఖాళీ లేదన్న గీకే యంత్రం అప్పుడు ఎలాగో ఖాళీ అయింది. కొన్నాళ్లకి వచ్చి మా ఇంటి దగ్గర్నుంచి వీధి దిగువ దాకా పొర తర్వాత పొర గీకేసింది. అంచుల్లో మనుషులు గునపాలతో తవ్వుతుంటే మా కింది మెట్టు బయటపడింది. మామ వేయించిన ఎర్ర రంగు ఒక మూల ఇంకా ఉంది. మా అత్త దాన్ని తన చేత్తోనే కడిగింది.

మా ఆయన్ను మళ్లీ తారు పనికి పిలవలేదు. ఊరి బయట చెరువు కట్టల మీద మట్టి తొక్కించే పనికి పంపారు. మట్టి మీద ఎవడైనా తొక్కిస్తాడని ఆయన ఉద్దేశం. ఇప్పుడు ఇంట్లోకి తారు అడుగుల బదులు దుమ్ము వస్తోంది. మా వీధి మిగతా భాగం ఇంకెవరో తొక్కించారు. అలలు అలలుగా ఉంటుంది. ఆయన గుమ్మంలో నిలబడి చూసి "ఛీ" అని లోపలికి పోయాడు. దర్జీ కొట్టు ముందు గాడిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అటు వైపు పనికి బిల్లు అయిపోయిందట.

మొదటి పెద్దవాన పొద్దున పడింది. అలవాటు కొద్దీ బియ్యం డబ్బా, దుప్పట్లు మంచం మీదకి ఎక్కించాను. అత్త కాళ్లు పైకి పెట్టుకుంది. ఇద్దరం గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాం. నీళ్లు వచ్చాయి, కింది మెట్టు దగ్గరగా నురగతో, చెత్తతో పోయాయి. లోపలికి రాలేదు. అత్త వంగి నేలని తడిమి చూసుకుని పడుకుంది. నాకు ఏడుపొచ్చింది.

మా ఆయనకి చూపిద్దామని పిలిస్తే ఇంట్లో లేడు. బయటికొచ్చి చూశాను. దర్జీ కొట్టు ముందు గాడిలో నీళ్లు నిలిచాయి. నల్లటి మురికి నీళ్లు, అందులో ఉమ్ములు, ఊడిన బొత్తాలు, దారప్పోగులు. ఆయన వానలో గొంతుక్కూర్చుని, ఇన్నేళ్లూ మేము ఇంట్లోంచి మురుగు తోడిన చెంబుతోనే ఆ నీళ్లు తోడి పక్కకి పోస్తున్నాడు. తోడిన చోటికి మళ్లీ నీళ్లు వస్తున్నాయి.

స్కూటరు మీద ఎవరో వస్తే బండి ఆ గాడిలో పడి లేచింది. బురద మా ఆయన మొహం మీద చిమ్మింది. బండివాడు ఆగి, తడిసిన పాంటు చూసుకుని "ఛీ, ఏ వెధవ తొక్కించాడో దీన్ని" అన్నాడు.

"నేనే" అన్నాడు మా ఆయన. మెల్లగా అన్నాననుకుని ఉంటాడు, వీధంతా వినపడింది. బండివాడు ఆయన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయాడు. ఆయన మొహం తుడుచుకోకుండానే చెంబు ముంచాడు. తడి లేని గుమ్మం మీద నిలబడి, ఆయన్ను లోపలికి రమ్మనడానికి నాకు నోరు రాలేదు.