కాకి వంతు

పిల్లల గ్రంథాలయంలో పాటల అమ్మమ్మ గేయం చదివించే తీరే వేరు. పిచ్చుక మాటలు తనవి, కాకి మాటలు వెనక బల్ల మీద కూర్చునే మొగుడివి, పల్లవి పిల్లలందరిదీ. ఆయన కావుమంటే ఊళ్లో కాకులన్నీ సిగ్గుపడి నోరు మూసుకునేవి. ఆయన పోయాక ఆవిడ మళ్లీ రావడం ఇవాళే. కళ్లద్దాలు తుడుచుకుని, పిచ్చుక మాట చదివి, అలవాటుగా వెనక బల్ల వైపు చూస్తూ ఆగిపోయింది.

"కాకి తాతయ్య ఏడి అమ్మమ్మా?"

"గొంతు పట్టేసిందిరా."

"రోజూ ఐస్‌క్రీం లాగించేస్తే అంతే మరి!" అంది ముందు వరసలో గడుగ్గాయి. "తగ్గేదాకా ఆయన వంతు మేమంటాంలే."

గదంతా కావుకావుమంది. తరవాత అందరూ పిచ్చుక కోసం ఆవిడ వైపు తిరిగారు. ఈసారి పిచ్చుక గొంతు నిజంగానే పట్టేసింది.