అన్న కథలో నాకు పని దొరకలేదు

కర్నూలులో బోర్డులు రాసే అన్న పోయాడని ఖాసిం ఎవరిచేతనో రాయించిన కార్డు పోయిన వారం ఎర్రగుంట్ల గూడ్సు షెడ్డులో నా చేతికి వచ్చింది. దగ్గు ముదిరి పోయాడట. కార్డు అందేసరికే దహనమై రెండు రోజులైంది. సెలవు అడిగి రైలెక్కాను.

కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు నేనూ ఖాసిమూ ఆఫీసులకు డేరాలు కట్టే కూలీలం. ఏ డేరాలో ఏ ఆఫీసుందో తెలిపే బోర్డులు అన్న రాసేవాడు. మాకంటే పెద్దవాడని మేమిద్దరమూ ఆయన్ని అలాగే పిలిచేవాళ్లం. రాజధాని హైదరాబాదుకు తరలిపోయినప్పుడు ఆ డేరాలు విప్పే పనీ మాకే ఇచ్చారు. విప్పడం పూర్తయిన మర్నాటి నుంచి ముగ్గురికీ పని లేదు.

రోజూ పొద్దున్నే బయల్దేరి మిల్లులూ మండీలూ తిరిగేవాళ్లం. దారిలో ఎవరన్నా పలకరిస్తే నాకు తల కొట్టేసినట్టుండేది. అన్న మాత్రం, "పని లేదని చెప్పొద్దండప్పా. పనికి పోతాండామని చెప్పండి. పోయేది నిజమే కదా" అనేవాడు.

మధ్యాహ్నం కాలవగట్టున కూర్చుని, ఆఫీసులవాళ్లు పారేసిపోయిన కాగితాల వెనకవైపు నవల రాసేవాడు. పేర్లు మార్చాడు గానీ అది మా ముగ్గురి కథే. ఒకచోట ముగ్గురూ ఒక మేడకు సున్నం కొట్టే పని అడగబోతారు. తీరా చూస్తే మేడాయనకే పని పోయి ఉంటుంది. ఆయన కూడా చెప్పులు తొడుక్కుని వీళ్ల వెంట పని వెతకడానికి వస్తాడు. అన్న అది చదివి వినిపించిన రోజు ఖాసిం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు ముగ్గురం పస్తే.

నాకు కుంచె పట్టించి, గుండ్రంగా రాయడం నేర్పింది ఆయనే. ఎర్రగుంట్లలో మూటల మీద ఊళ్ల పేర్లు రాసే మనిషి కావాలని ఆయనకే కబురొస్తే నన్నూ వెంటబెట్టుకుపోయాడు. షెడ్డు గుమాస్తా మా ఇద్దరి ముందూ ఉల్లిగడ్డల మూటలు పెట్టించాడు. నేను నాలుగు మూటలు ముగించేసరికి అన్న ఇంకా మొదటి మూట మీదే ఉన్నాడు. ప్రతి అక్షరానికీ నీడ దిద్దుతున్నాడు. గుమాస్తా నన్ను ఉండమన్నాడు.

నేను తలెత్తలేకపోయాను. అన్న కుంచె తుడుచుకుంటూ నా భుజం మీద చెయ్యేసి, తన మూట శానా బాగా కుదిరిందనీ, ఉల్లిగడ్డలు కుళ్లినా ఊరి పేరు నిలుస్తుందనీ అన్నాడు. కర్నూలుకు ఒక్కడే తిరిగిపోయాడు.

ఏడాది తర్వాత సెలవులో పోతే కొత్త భాగం చదివి వినిపించాడు. అందులో నేనింకా పనిలేకుండానే తిరుగుతున్నాను. నాకు కష్టమనిపించింది. కథలోనైనా నాకొక పని ఇవ్వకూడదా అని అడిగాను.

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. "పని ఇస్తే నువ్వు పోతావు కదప్పా. ఈడన్నా మాతో ఉండు" అన్నాడు.

ఆ తర్వాత సెలవులకు నేను కర్నూలుకు పెద్దగా పోలేదు. అలసట వల్లేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఈసారి పోయేసరికి వదిన ఆ కాగితాలను గుడ్డలో చుట్టి ఉంచింది. ఆమెకు చదువు రాదు. ఏం రాశాడో చెప్పమంది. మేడాయన భాగం చదివాను. వింటూ వింటూ ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ఆఖరి కాగితంలో ముగ్గురూ ఒక వాకిలి ముందు నిలబడి తలుపు తట్టబోతారు. తట్టేది ఎవరో రాయలేదు.

బయటికొచ్చి నేనూ ఖాసిమూ తుంగభద్రలో మునిగాం. మార్చుకోవడానికి నాకు రెండో పంచె లేదు. ఖాసిం తన తువ్వాలు నాకిచ్చి, తడి పంచె ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. వేడిగాలికి అది మా ఇద్దరి మధ్య ఉబ్బుతూ, తగ్గుతూ ఉండింది. ఎండిపోయిన తర్వాత కూడా చాలాసేపు ఎవరమూ కొస వదలలేదు.