రెండో పొయ్యి

నేను ఇల్లు విడిచి పోలేదు. పోను కూడా. ఈ మాట పైకి అనడానికి నాకు చాలా కాలం పట్టింది. నలుగురిలో నాకు గొంతు లేవదు. బస్సు ఆపమని కండక్టరును అడగలేక ఒక స్టేజి ముందుకు పోయి, ఎండలో వెనక్కి నడిచి వచ్చే మనిషిని. చెప్పాల్సినవన్నీ డైరీలో రాసుకుంటాను. మిగిలిన వేళల్లో ఏదో ఒక పుస్తకంలో ఉంటాను.

అనంతపురంలో మాది అద్దె ఇల్లు. అద్దె ఇద్దరమూ కడతాం. వీధి వైపు గదిలో మా ఆయన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. భూమిలో నీళ్లు కిందికి పోయేకొద్దీ మోటార్లు కాలుతూనే ఉంటాయి, ఆయనకు పనికేమీ తక్కువ లేదు. షాపు వెనక రెండు గదులు, వంటిల్లు. నడిచి పోయేంత దూరంలో ఒక ప్రైవేటు కాలేజీ. దాని లైబ్రరీలో నేను పుస్తకాలకు నంబర్లు అంటిస్తాను, పిల్లలు తిరిగిచ్చినవి సర్దుతాను. పెద్ద ఉద్యోగమేమీ కాదు. కానీ నాది.

ఒకరోజు లైబ్రేరియన్ మేడం పిలిచి, "మానుకుంటాండావంట కదమ్మా? మీ ఆయన ఫోన్ చేసినాడు" అంది. ఆమె చెబితేనే నాకా సంగతి తెలిసింది. ఇంటికొచ్చి అడిగితే ఆయన చేతిలోని రాగి తీగ వదలకుండానే జవాబిచ్చాడు.

"నీకు మాట్లాడేది రాదు కదా, అందుకే నేనే చెప్పేసినా. ఊర్లో అమ్మకు తోడుండల్ల."

కోపంగా అనలేదు. నాకేదో సాయం చేసినట్టు అన్నాడు. ఒళ్లు మండింది అందుకే.

మర్నాడు వెళ్లి మేడంతో మానడం లేదని చెప్పాను. ఆ సాయంత్రం ఆయనతో, ఇక మనం మొగుడూ పెళ్లాలుగా ఉండొద్దని చెప్పాను.

"అట్లయితే మీ నాయన దగ్గరికి పో" అన్నాడు. అక్కడికి పోతే నా ఉద్యోగం పోతుంది. ఆయన కదిలితే షాపు పోతుంది. కాబట్టి ఇద్దరమూ ఉండిపోయాం. వెనక గది నాది, మధ్య గది ఆయనది.

ఎవరూ నమ్మలేదు. ఆయన కూడా. నేను వండిపెట్టింది తిని, చెయ్యి కడుక్కుని, షాపులోకి వెళ్లేవాడు. పొయ్యి ఒకటే ఉన్నంత కాలం దీన్ని అందరూ అలక అనే అనుకుంటారని అప్పుడు అర్థమైంది.

మా అత్తగారి ఊళ్లో అన్నదమ్ములు వేరుపడితే పొలం గట్లు తర్వాత, పొయ్యి ముందు. ఇంటి పెద్ద వచ్చి రెండు పొయ్యిల మీదా వండింది నోట్లో పెట్టుకోవాలి. అంతవరకూ ఎన్ని గోడలు కట్టినా వేరుపడినట్టు కాదు. తిన్న తర్వాత ఎవరు ఏడ్చినా కలిసున్నట్టు కాదు. నా పెళ్లైన కొత్తలో మా బావగారూ ఈయనా వేరుపడినప్పుడు చూశాను. వాళ్ల పెదనాయన రెండు చోట్లా సంగటి ముద్ద తిని, తువ్వాలుతో మూతి తుడుచుకుని, "ఇంగ అయిపోయింది. ఒకరి పొయ్యి జోలికి ఒకరు పోవద్దండి" అన్నాడు. అంతే.

నేను ఒంటి బర్నరు పొయ్యి కొనుక్కొచ్చి, వంటింటి గట్టుకు ఆ చివర పెట్టాను. ఆ రోజు నుంచి నాకు మాత్రమే వండుకున్నాను. ఆయన హోటల్లో తినడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండానే పంచాయితీ చెయ్యడానికి అత్త, ఆ పెదనాయన ఊరి నుంచి తొలి బస్సుకు దిగారు.

అత్త సంచి దించి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. పెద్దాయన మధ్య గదిలో చతికిలబడ్డాడు. "ఏమన్నా ఉంటే పెట్టమ్మా, కడుపులో ఎలకలు పరిగెత్తుతాండాయి."

నేను బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి తెచ్చాను. కానీ పళ్లెం వెంటనే చేతికివ్వలేదు.

"మామా, ఇది నా పొయ్యి మీద చేసింది. ఆయన పొయ్యి వేరే."

"ఏ పొయ్యైతే ఏమమ్మా, బొరుగులు బొరుగులే" అని నవ్వుతూ లాక్కున్నాడు. సగం తిన్నాక అత్త లోపలికొచ్చింది. నా పొయ్యి మీద బాణలి చూసింది, పెద్దాయన చేతిలో పళ్లెం చూసింది.

"అయ్యో బావా, తింటివా!"

"ఏమాయెనే?"

"వేరు పొయ్యి మీదిది తింటివి కదా!"

షాపులోంచి వచ్చిన మా ఆయన నవ్వాడు. "అవన్నీ అన్నదమ్ములకమ్మా. పెండ్లానికి యాడిది?"

పెద్దాయన నమలడం ఆపాడు. "తెలిసే పెడితివా, పాపా?"

"తెలిసే. ముందే చెప్పినాను."

"చెప్పింది లే. నేనే నవ్వితి." పళ్లెం వైపు చూశాడు. "అన్నదమ్ములకైతే భూమి ఉంటాది. నీకేముండాది పంచుకునేకి?"

తలుపు పట్టుకున్నాను. "నా మాట, మామా. నన్నడగకుండా నేను పని మానేస్తానని ఈయన చెప్పినాడు. నా మాట నాకు కావల్ల."

పెద్దాయన మిగిలిన బొరుగులన్నీ నెమ్మదిగా తిన్నాడు. తర్వాత కొడుకు వరసైన వాడి వైపు తిరిగాడు.

"నీ పొయ్యి మీద ఏముండాదిరా?"

"నా పొయ్యి మీదా? ఏం లేదు."

"టీ అన్నా పెట్టు. రెండు పక్కలదీ నోట్లో పడల్ల కదా."

ఆయన వంటింట్లోకి వెళ్లాడు. డబ్బాల మూతలు ఒకటొకటే తీస్తున్న చప్పుడు. గుమ్మంలోకి వచ్చి నా వైపు చూశాడు. టీ పొడి ఎక్కడుందో నాకు తెలుసు. నోరు విప్పలేదు. నా మౌనం మొదటిసారి నాకు నచ్చింది. అత్త లేవబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "వాణ్ని చేయనీ."

చివరికి పాలు లేని నల్లటి టీ వచ్చింది. పెద్దాయన ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. మొత్తం తాగాడు. "ఇంగ అయిపోయింది" అన్నాడు. ఒకరి పొయ్యి జోలికి ఒకరు పోవద్దన్న ఆ రెండో మాట అనలేదు, అనాల్సిన పనీ లేదు.

అత్త కళ్లొత్తుకుంది. సంచిలోంచి మాకోసం ఎప్పటిలా ఒకే డబ్బాలో తెచ్చిన శెనక్కాయల పొడి తీసింది. నా మొహం చూడకుండానే, "ఇంగో డబ్బా తీసుకురా" అంది. తెచ్చిచ్చాను. రెండింట్లోకీ సమానంగా వంచి, నొక్కి, చూసుకుని, నా డబ్బాలోంచి ఒక చెంచా తీసి కొడుకు డబ్బాలో వేసింది. వేసుకోనీ అనుకున్నాను. నా డబ్బా నా పొయ్యి పక్కన పెట్టుకున్నాను.

కాలేజీకి టైమైంది. షాపులోని మోటార్ల మధ్య నుంచే నడిచి వీధిలోకి వచ్చాను. అప్పటికే బయటికొచ్చి మెట్టు మీద చెప్పులు తొడుక్కుంటున్న పెద్దాయన తలెత్తాడు.

"యాడికమ్మా?"

"పనికి మామా. సాయంత్రం ఈడికే వస్తా" అన్నాను, ఎదురింటి వాళ్లకు కూడా వినపడేలా.