కట్టు కింద గంధం

ఈ రోజు ఒక అమ్మాయి ఛాతీ మీది కట్టు విప్పగానే గంధం వాసన వచ్చింది.

ఆమె పేరు ధనలక్ష్మి. పూతలపట్టు దగ్గరి రైతు మునిరత్నం గారి కూతురు. రక్తపు క్యాన్సరుకు మందు ఎక్కించడానికి మద్రాసులో ఆమె ఛాతీలోని పెద్ద సిరలోకి ఒక సన్నని గొట్టం అమర్చారు. ఇంట్లో కట్టు మార్చేది తండ్రే. సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఆయన ఎన్నడూ దానిని తాకలేదు. మొన్న కొండ మీద కూతురికి గుండు చేయించి మొక్కు తీర్చుకున్నారు. ఈ రోజు ఆమెను చలిజ్వరంతో మా ఆసుపత్రికి తీసుకువచ్చారు.

"గుండుకు పూయంగా మిగిలిన గంధం సార్. గొట్టం కాడ మంటగా ఉండాదనింది. సల్లగా ఉంటాదని పూసినాను. మద్రాసులో సెప్పినట్టు నీళ్ళు మాత్రం సుక్క తగలనీలేదు," అన్నారాయన.

"మా నాయన నన్ను దేవుని పటం అనుకున్నాడు సార్," అని ధనలక్ష్మి వణుకుతూనే నవ్వింది.

గొట్టం చుట్టూ చీము పట్టింది. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి కూడా చేరింది. గొట్టం తీసివేశాను. క్యాన్సరు మందు ఆపవలసి వచ్చింది. ఆమె గట్టెక్కుతుందని ఇప్పుడు నేను చెప్పలేను.

వరండాలో మునిరత్నం గారు నెమ్మదిగా అడిగారు: "నేను పూసినందుకేనా సార్?"

"అమ్మాయి మంట అన్న తరువాతే కదా మీరు పూశారు. చీము అప్పటికే మొదలై ఉండవచ్చు," అన్నాను.

అది సాధ్యమే. గంధంలోని క్రిముల వల్లనే కావడం అంతకంటే ఎక్కువ సాధ్యం. ఆ రెండో మాటను నాలోనే ఉంచుకున్నాను. మీరైతే చెప్పి ఉండేవారా?