గడియారం లేని ఊళ్లో టైం

నా చిన్నప్పుడు తరిగొప్పుల పక్కనున్న మా ఊళ్లో ఏ ఇంట్లోనూ గడియారం లేదు. టైం అనే మాట మాత్రం ప్రతి నోటా ఉండేది. అది ఇంగ్లీషు మాటని నాకు తెలియదు. ఉప్పు, చింతపండు లాగా అదీ మాదే అనుకున్నాను.

మా అమ్మకు నొప్పులు మొదలైన రోజు ఆ మాట నన్ను భయపెట్టింది. అంతకుముందు కాన్పులో పుట్టిన తమ్ముడు ఏడవకుండానే పోయాడు. అందుకే ఆ పొద్దున ఇంట్లో అందరి గొంతులూ తగ్గిపోయాయి. మా చిన్నమ్మ బట్టల మూటతో వచ్చి, “జనగామ బస్సు టైం అయితాంది, దవాఖానకు తోల్కపోదాం” అంది. కాన్పులు చేసే అవ్వ లోపలి నుంచి, “ఇప్పుడు బస్సెక్కిస్తె తొవ్వలనే కంటది. టైం దగ్గర పడ్డది” అంది. మా బాపు అరుగు మీద తల పట్టుకుని, “మన టైమే మంచిగ లేదు” అన్నాడు.

ఒకరు రోడ్డును చూస్తూ అన్నారు, ఒకరు అమ్మను చూస్తూ, ఒకరు నేలను చూస్తూ. బస్సూ, పుట్టబోయే బిడ్డా, మా బాపు దిగులూ అంత చిన్న మాటలో ఎట్లా పట్టాయో నాకు అంతుబట్టలేదు. గడప దగ్గర నిలబడి అవ్వనే అడిగాను, టైం అంటే ఏందని.

“పోరీ, గిప్పుడా నీ ముచ్చట?” అని చిన్నమ్మ కసిరింది. అవ్వ కసరలేదు. “రానియ్యి, ఆడపిల్ల, తెల్వనియ్యి” అని నా చెయ్యి పట్టి అమ్మ కడుపు మీద పెట్టింది. మొదట మెత్తగా, వెచ్చగా ఉంది. మెల్లగా నా అరచేతి కింద బిగుసుకుంటూ పోయి బండరాయి అయింది. అమ్మ పళ్లు కొరికింది. రాయి కరిగి మళ్లీ కడుపైంది. “గిదే టైం. ఆగుమంటె ఆగది, తొందరవెడితె ఉరుకది” అంది అవ్వ. ఒక బిగుతుకూ ఇంకో బిగుతుకూ మధ్య సందు తగ్గుతూ రావడం నా చేతికే తెలిసింది.

తర్వాత నన్ను బయటికి పంపారు. బిడ్డ బయటపడ్డదని చిన్నమ్మ చెప్పింది గానీ ఏడుపు వినబడలేదు. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది, ఎవరూ తిరిగి చూడలేదు. లోపల అవ్వ బిడ్డ వీపు రుద్దుతున్న చప్పుడొక్కటే. అది ఎంతసేపో గడియారం ఉన్నా చెప్పలేకపోయేదాన్ని. అప్పుడు మా చెల్లె ఏడ్చింది. మా బాపు అరుగు మీంచి లేచి గడప దాకా వచ్చాడు. అవ్వ చేతులు కడుక్కుంటూ, “దీనికి ఇంక శాన టైమున్నది పో” అంది.

నేను అక్షరాలు నేర్చింది మనుమరాలు పుట్టాక. పంతులమ్మ బోర్డు మీద టైం అంటే సమయం అని రాసింది. చాలదన్నాను. ఇంకేముంది పెద్దమ్మా అని నవ్వింది. నేను నా అరచెయ్యి చూసుకున్నాను.

ఇప్పుడు నా దగ్గర ఫోనుంది, అంకెలు చదవగలను. నేనుంటున్న మహబూబాబాద్‌లో ఎవరైనా టైం ఎంతయిందని అడిగితే ముందు వాళ్ల మొఖం చూస్తాను. బస్సు కోసమైతే అంకె చెప్పి నా దారిన పోతాను. దవాఖాన మెట్ల మీద అడిగినవాళ్ల పక్కన మాత్రం కాసేపు కూర్చుంటాను.