పురుగులకు కాపలా

ఆ ఆముదం చేనును వాన ముంచలేదు, మేకలు మేయలేదు, దొంగలు దోచుకోలేదు. ఇరవై ఏళ్ల వయసులో, ఎంతో మంచి మనసుతో, పొద్దంతా ఎండలో నిలబడి నేనే నాశనం చేశాను. ఎట్లాగో చెబుతాను, నవ్వుకోండి. మా అక్క మాత్రం ఈ కథ మొదలుకాగానే ఇప్పటికీ లేచి వంటింట్లోకి పోతుంది.

మాది పోచంపల్లిలో మగ్గాల ఇల్లు. అక్కను దేవరకొండ దిక్కు ఇచ్చారు. బావ మగ్గం వదిలి రెండెకరాల చెలకలో ఆముదం వేసుకునే మనిషి. సాగర్ కట్ట కొత్తగా లేస్తున్న రోజులవి. ఆ ఏడు బావ రాళ్లు మోయడానికి అక్కడికి పోయాడు. ఇంట్లో అక్క, చంకలో మూడు నెలల పిల్ల. చేను చూసుకోవడానికి నన్ను పంపారు.

"పిల్ల పుట్టిన వారానికే పోయిండు తమ్మీ. గీ ఆముదాలు ఇంట్లకొస్తే సాలు, కట్టపని బంద్ జేసి వస్తడు," అంది అక్క.

ఇంత భారం నా నెత్తిన పెట్టడం ఆమె చేసిన ఒకే ఒక్క తప్పు.

చేను ఏపుగా ఉన్నప్పుడు ఆకుల మీద పురుగులు కనిపించాయి. కొన్నిటి కడుపు కింద బియ్యపు గింజంత గూడు. గోటితో గీకితే సన్నటి దారం! ఆముదం ఆకు తిని పట్టునిచ్చే పురుగు ఒకటుందని నూలు బజారులో ఎవరో అంటుంటే విన్నాను. ఇంకేముంది, చేనంతా నాకు పట్టుచీరలే కనిపించాయి.

"అక్కా, ఇవి పట్టుపురుగులు!"

"నీకెట్ల ఎరుక?"

"దారం జూసి గుర్తువట్టకుంటే మగ్గాలింట్ల పుట్టుడెందుకే?"

అక్క కూడా మగ్గాలింట్లో పుట్టినదే. కాని తమ్ముడి మాట కదా, నమ్మింది.

చీమంత కందిరీగలు ఆ పురుగుల వెంటపడేవి. కందిరీగ దగ్గరికొస్తే చాలు, ఒక పురుగు తొడిమెకు అతుక్కుని పుల్లలా బిగుసుకునేది. ఒకటి ఆకు వెనక్కి జారుకునేది. ఇంకొకటి కిందపడి ఎండుటాకుల్లో దూరేది. ఎంత జాలేసిందో! తువ్వాలు తీసుకుని పొద్దుగూకేదాకా కందిరీగలను కొట్టాను. దాక్కోవడం చేతకాని పురుగులను నేనే తీసి ఆకు కింద పెట్టాను. గూళ్లన్నీ ఒలిచి కుండలో వేసి, మూతికి గుడ్డ కట్టాను.

పక్క చేను అవ్వ గట్టు మీద నిలబడి చూసింది.

"ఏం జేస్తున్నవ్ కొడుకా?"

"పట్టుపురుగులకు కావలి కాస్తున్న అవ్వా."

"నీ పాడుగాను! గా గూడు నువ్వు గొడ్తున్న ఈగదిరా. పురుగు కడుపుల గుడ్డు వెడ్తది. దాని పిల్ల పురుగును లోపట్నే తిని, బయటికొచ్చి గూడు గట్టుకుంటది. గా ఈగలుంటెనే మనకు ఆముదాలు!"

"పట్టు సంగతి నీకేమెరుక అవ్వా?" అని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పదిహేను రోజులు, అంతే. పురుగులు నమిలే చప్పుడు గట్టు మీదికి వినబడేది. చేనులో కట్టెలు, ఈనెలు మిగిలాయి. పట్టయినా దక్కుతుందేమోనని కుండ విప్పితే, అడుగున పిడికెడు చచ్చిన కందిరీగలు. చేనును కాపాడవలసినవి అవే. వాటికి గుడ్డ కట్టి ఊపిరి తీసినవాణ్ణి నేను.

దసరాకు బావ వచ్చాడు. బస్సు దిగి నేరుగా చేనుకే వస్తున్నాడు. పురుగుల దగ్గర నేర్చుకున్న విద్య ఉంది కదా! ఒక ఆముదం చెట్టు వెనక పుల్లలా బిగుసుకుని నిలబడ్డాను.

"బామ్మర్దీ," అన్నాడు బావ మెల్లగా, "దాసుకునేటందుకన్న ఒక్క ఆకు ఉంచుకోకపోతివి."

తిట్టలేదు. తిడితే బాగుండేది. మూడో రోజు మళ్లీ కట్టకు పోయాడు, ఏడాది దాకా రాలేదు. వచ్చిన నాటికి పిల్ల నడుస్తున్నది. గుమ్మంలో కొత్త మనిషిని చూసి తలుపు వెనక దాక్కుంది.

"మీ నాయిననే బిడ్డా, రా," అని అక్క ఎంత పిలిచినా రాలేదు. బావ చేతులు చాపి అట్లాగే కూర్చున్నాడు. నేను అక్కడే ఉన్నాను, చూశాను.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ కందిరీగ మీదా చెయ్యెత్తను. ముక్కు మీద వాలినా సరే, భుజం మీది తువ్వాలు తీయను. కుడితే కుట్టించుకుంటాను. నాకు అట్లాగే కావాలి.