ఆఖరి రీలు చూడని ఆడవాళ్ళం

మొన్న ఆదివారం మా మనవరాలు టీవీలో పాత ఇంగ్లీషు సినిమా ఒకటి పెట్టింది. ఈ కాలం పిల్లలు ఏ సినిమా అయినా లోకమంతా దాని గురించి ఏమనుకుంటోందో ఫోన్‌లో చదువుకుని గానీ కూర్చోరు కదా, ఇదీ అంతే. మా అమ్మ కాపురానికి రాకముందెప్పుడో సినిమాలు తీసిన ఒక అమెరికా దర్శకుడి మీద ఎవరెవరో రాసిన అభిప్రాయాలు పైకి చదువుతోంది. ఒకాయనకు అందులో వెలుగునీడలు నచ్చాయట, ఒకావిడకు సినిమా నత్తనడక నడిచిందట, ఇంకొకాయనైతే ఈయన సినిమాలు ముగింపుల కోసమే చూడాలని తేల్చేశాడట. నేను గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ ఓ చెవి అటు వేసి ఉన్నాను. తెర మీద పెద్ద ఇల్లూ, ఆ ఇంటి నట్టనడుమ పైకి వెళ్ళే మెట్లూ కనబడేసరికి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఇది నేను తిరువూరులో చూశానే అన్నాను. పిల్ల పకపకా నవ్వి, నిజమేనని తెలిశాక, ముగింపు మాత్రం చెప్పొద్దని నా నోరు మూసింది. దాని భయం దండగ. చెప్పమని బతిమాలినా నేను చెప్పలేను, ఆయన సినిమాలు నాలుగైదు చూసి కూడా ఒక్కదాని ముగింపూ ఎరగనిదాన్ని.

నా ఈడువాళ్ళకైతే ఇది వింతగా ఉండదు. మా నాన్నది తిరువూరు బజారులో పరుపుల కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. నాన్న దూది ఏకితే అమ్మా, నాన్న చెల్లెలు ఫుప్పమ్మా, పదో తరగతి గట్టెక్కి ఇంట్లో కూర్చున్న నేనూ పరుపులకూ దిండ్లకూ గలేబులు కుట్టేవాళ్ళం. ఎమర్జెన్సీ రోజులకు కాస్త ముందు సంగతి. ఊళ్ళో సినిమా హాలు కుర్చీలు చిరిగి పీచు బయటికొస్తే వాటన్నిటికీ కొత్త గుడ్డ వేసి కుట్టింది మేమే. ఆ పని చూసి హాలు ఓనరు గారు సంతోషపడి, మీ ఇంట్లో ఆడవాళ్ళను ఎప్పుడైనా సినిమాకు పంపించండి, వాళ్ళు కుట్టిన కుర్చీల్లో వాళ్ళూ ఓసారి కూర్చోవాలి కదా అన్నాడు. మంచి మనిషి, మామిడి తోటలున్న ఆయన, సినిమా పిచ్చితో ఆ తోటల్లో సగం పోగొట్టుకున్నాడని తర్వాత విన్నాను.

తెలుగు సినిమాకు మా నానమ్మ ససేమిరా అంది. ఊరు ఊరంతా అక్కడే ఉంటుందనీ, ఆ పాటలు ఇంటికొచ్చాక కూడా నోళ్ళలో ఆడతాయనీ ఆవిడ బాధ. ఇంగ్లీషు సినిమాకు మాత్రం సరేనంది. ఆదివారం పొద్దుటి ఆటకు బెజవాడ నుంచి బస్సు టాపు మీద అరిగిపోయిన పాత ఇంగ్లీషు సినిమాల పెట్టెలొచ్చేవి, వాటికి హైస్కూలు మాస్టర్లూ, బ్యాంకు గుమాస్తాలూ, ఊసుపోని కాలేజీ కుర్రాళ్ళూ తప్ప ఈగ కూడా వచ్చేది కాదు. భాష రానిదాంతో చెడిపోయేదేముందిలే అని నానమ్మ లెక్క. ఒక్క షరతు పెట్టింది. ఆట అయిపోయి దీపాలు వెలిగేలోగా మేం హాలు బయట ఉండాలి. వెలుగులో మగవాళ్ళంతా ఒక్కసారి లేచి అదే గుమ్మంలోంచి వస్తుంటే వాళ్ళ మధ్య ఒళ్ళు రాసుకుంటూ రావడం ఆవిడ ఊహకే అందదు. హాల్లో మిషను ఒక్కటే కాబట్టి రీలుకీ రీలుకీ మధ్య కాసేపు ఆట ఆగేది. ఆఖరి రీలు ఎక్కించే ముందు గేటు దగ్గరాయన మా వైపు వచ్చి దగ్గేవాడు. మేం కొంగులు తల మీదికి లాక్కుని చీకట్లోనే బయటపడేవాళ్ళం. ఇంటికి చేరేదాకా మిగతా కథ మేమే నడిపించుకునేవాళ్ళం.

దర్శకుడని ఒకడుంటాడని మాకప్పుడు తెలియదు. మొదట్లో పడే అక్షరాల్లో ఒకే పేరు మళ్ళీ మళ్ళీ రావడం నేను పోల్చుకున్నాను. ఫుప్పమ్మ ఆయనకు మెట్ల దొర అని పేరు పెట్టింది. ఆయన ఏ సినిమాలో చూసినా మెట్లుండేవి, ఏ గొడవైనా ఆ మెట్ల మీదే తేలేది. మా అమ్మ అభిప్రాయాలు వేరే రకం. ఆవిడ చూసేదంతా మంచాలూ పరుపులూ. అంత డబ్బున్న దొరల ఇంట్లో దిండు మీద తల పెట్టినా గుంట పడలేదంటే అందులో ఉన్నది దూది కాదు, గడ్డో గాదమో కుక్కారని తేల్చేది. మాటలు అర్థం కాకపోవడం మాకు లోటనిపించలేదు. ఆయన మనుషుల చేత ఎక్కువ మాట్లాడించడు, మొహాలు చూపించి ఊరుకుంటాడు. మొహాలు చదవడంలో మా ఫుప్పమ్మను మించినవాళ్ళు లేరని మా అందరి నమ్మకం, ఆమె నమ్మకం కూడాను.

ఫుప్పమ్మను గంపలగూడెం ఇచ్చారు. మామయ్యకు అక్కడ సైకిలు షాపు. చెడ్డ అలవాట్లు లేని మనిషి, కానీ నోట్లోంచి మాట రావాలంటే గగనమే. ఇద్దరి మధ్యా ఏ పేచీ లేదు. ఒకరోజు అన్నాల దగ్గర తోడికోడలు అందరి ముందూ, ఇంకా కడుపు పండలేదని ఫుప్పమ్మను అనరాని మాట అందట. మామయ్య తల వంచుకుని అన్నం తింటూనే ఉన్నాడట. తోడికోడలి మాట కంటే ఆ తల వంచుకోవడమే ఫుప్పమ్మను కోసింది. మర్నాడు ట్రంకుపెట్టె తీసుకుని బస్సెక్కి వచ్చేసింది. నాన్న వెళ్ళి మాట్లాడతానంటే ఒప్పుకోలేదు. ఆయన వచ్చి పేరు పెట్టి ఒక్కసారి పిలిస్తే మరో మాట లేకుండా వెళ్తాను, పిలవకపోతే ఈ కొట్లోనే గలేబులు కుడుతూ ఉంటాను అంది. నెలలు గడిచిపోయాయి, ఆయన రాలేదు.

అలాంటి రోజుల్లో వచ్చింది, మొన్న మా మనవరాలు పెట్టిన సినిమా. అందులోనూ ఒక కోడలు, గొప్పింటి పిల్ల కాదు. భోజనాల బల్ల దగ్గర అత్తవారు ఆమెను ఏదో అంటారు, అంటున్నంతసేపూ మొగుడు చెంచా పట్టుకుని కంచం వంక చూస్తూ ఉంటాడు. నేను మెల్లిగా పక్కకు చూశాను. ఫుప్పమ్మ తెర మీంచి కళ్ళు తిప్పడం లేదు. ఆ పిల్ల లేచి మెట్లెక్కి తన గదికి వెళ్ళి పెట్టె సర్దుకోవడం మొదలెడుతుంది. మొగుడు వచ్చి మెట్ల కింద నిలబడతాడు, చెక్క కమ్మీ మీద చెయ్యి వేసి, పైకి చూస్తూ. సరిగ్గా అక్కడ ఆట ఆగింది. గేటు దగ్గరాయన దగ్గాడు.

ఆ వేళ దారిలో కథ నడపకుండా గబగబా ఇంటికి నడిచేశాం. ఇంటికొచ్చి నానమ్మకు కథంతా చెప్పాక మొదలైంది అసలు పంచాయితీ. అమ్మ, ఆ అబ్బాయి పిలుస్తాడనే అంది, పిలవకపోతే అంత పెద్ద సినిమా ఎందుకు తీస్తారని. నానమ్మ సినిమా చూడకుండానే, మగాడు మెట్ల కింద ఆగాడంటే ఇంక ఎక్కడు అని తీర్పిచ్చేసింది. ఫుప్పమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ అంది.

“వాడు పిలవడు వదినా. ఆ మొహం చూశావుగా, పిలిచే మొహమేనా అది?”

ఆ వారంలోనే హైస్కూలు సోషలు మాస్టారు దిండ్లు కుట్టించుకోవడానికి కొట్టుకు వచ్చారు. ఇంగ్లీషు సినిమాల మీద ఆయన మాటంటే ఊళ్ళో వేదం. కొట్లో కూర్చుని నాన్నతో ఆ సినిమా గురించే మాట్లాడారట. నాన్న ఆయన అన్న మాట అన్నట్టే రాత్రి అన్నాల దగ్గర చెప్పారు. “అంతా బ్రహ్మాండంగా తీశాడండీ, ఆఖర్న చెడగొట్టాడు” అన్నారట. ఎలా చెడగొట్టాడో నాన్న అడగలేదు, సినిమా చూడని ఆయన అడగాల్సిన పనేముంది? మాకైతే ఇంక అనుమానం లేకపోయింది. చెడిందంటే పిల్ల వెళ్ళిపోయిందనే కదా. పిలుస్తాడని అప్పటిదాకా పట్టుబట్టిన అమ్మ కూడా చల్లబడిపోయింది. ఫుప్పమ్మ కంచంలో చెయ్యి కడుక్కుని లేచింది.

ఆ శుక్రవారం మామయ్య వచ్చాడు. నమాజుకు మా ఊరి మసీదుకే వచ్చాడట, నాన్న వెంటబెట్టుకుని తీసుకొచ్చారు. కబురు తెలియగానే ఫుప్పమ్మ గబగబా మొహం కడుక్కుని నేత చీర కట్టుకుంది. ఆమె పెట్టె అప్పటికే సర్ది ఉండడం నేను చూశాను. ఎప్పుడు సర్దిందో తెలియదు. కొట్టుకీ ఇంటికీ మధ్య గుమ్మానికి ఒక పాత దుప్పటి పరదాగా ఉండేది. ఆమె వచ్చి దాని వెనక నిలబడింది, ఆమె వెనక మేమందరం.

మామయ్య దూది బస్తా మీద కూర్చున్నాడు. ఈ ఏడు పత్తి ఎలా ఉందని నాన్న అడిగితే ఫరవాలేదన్నాడు. నానమ్మ టీ తీసుకెళ్ళి, ఒంట్లో ఎలా ఉందబ్బాయ్ అంటే, బాగానే ఉందండి అన్నాడు. ఆ తర్వాత మాటల్లేవు. నాన్న పని చేసుకోలేక, చెయ్యకుండా ఉండలేక ఒకే దిండును అటూ ఇటూ తిప్పుతున్నారు. దూది నలుసులు మామయ్య జుట్టు మీదా మీసాల మీదా పడుతున్నాయి, ఆయన దులుపుకోవడం లేదు, పరదా వైపే చూస్తున్నాడు. ఒక బస్సు వెళ్ళిపోయింది, తర్వాతి బస్సు వేళ కూడా దగ్గరపడింది. అమ్మ ఉండబట్టలేక ఫుప్పమ్మ భుజం మీద చెయ్యి వేసి, వెళ్ళి ఎదురుగా నిలబడవే, అంత దూరం వచ్చాడు కదా అని చెవిలో అంది. ఫుప్పమ్మ తల అడ్డంగా ఊపింది. చివరికి ఆయన లేచి, వస్తానండి అని అందరికీ కలిపి ఒక్క మాట అని, మెట్టు దిగి వెళ్ళిపోయాడు.

“చూశారుగా,” అంది ఫుప్పమ్మ మావైపు తిరిగి. “మెట్ల కిందే ఆగిపోయాడు.”

అంతే. ఆయన మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకు పెద్దలు కూర్చుని తెగతెంపులు చేశారు. ఆయన ఇంకొకామెను చేసుకున్నాడనీ, పిల్లలు పుట్టారనీ విన్నాం. ఫుప్పమ్మ అన్నట్టుగానే ఆ కొట్లో గలేబులు కుడుతూ ఉండిపోయింది. నా పెళ్ళి పరుపులు ఆమె చేత్తో కుట్టినవే. ఆమె ఎవరి దగ్గరా కంటతడి పెట్టగా నేను చూడలేదు, తన మాట తప్పయిందని అనగానూ వినలేదు. మా ఇంట్లో టీవీ వచ్చాక తెలుగు సినిమాలు ఆఖరి అక్షరం దాకా చూసేది. ఆ ఇంగ్లీషు సినిమా ఊసు మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. ఆమె పోయి కూడా చాలా ఏళ్ళయింది.

మొన్న ఆ ఆఖరి రీలు చూశాను. ఆ అబ్బాయి మెట్ల కింద చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎక్కడం మొదలెట్టాడు. ఎంత మెల్లిగా అంటే, మా మనవరాలు విసుక్కుని ముందుకు జరపబోతే నేను దాని చెయ్యి పట్టుకున్నాను. గదిలోకి వెళ్ళాడు. ఆ పిల్ల సర్దిన పెట్టె మీదే కూర్చుని ఉంది, మొహం అటు తిప్పుకుని. వాడు పిలవలేదు. క్షమించమనలేదు. గుమ్మంలో నిలబడ్డాడు, అంతే. ఆ పిల్ల కాసేపటికి కాస్త జరిగి, పెట్టె మీద పక్కన చోటిచ్చింది. వాడు వచ్చి కూర్చున్నాడు. ఇద్దరి వీపులూ కనిపిస్తుండగా సినిమా అయిపోయింది. మాస్టారుకు చెడగొట్టినట్టనిపించింది ఇదన్నమాట. పెళ్ళాం గదికి నోరు మెదపకుండా మెట్లెక్కి వెళ్ళిన మగాడు ఆయనకు నచ్చి ఉండడు.

నాకు ఏడుపాగలేదు. గంపలగూడెం నుంచి బస్సెక్కి వచ్చి, దూదిలో అంతసేపు కూర్చున్న మనిషి ఇంకేం చెప్పాలి? మాటలు రానివాడు చెప్పగలిగిందంతా చెప్పే వెళ్ళాడు. ఆ దుప్పటి కాస్త పక్కకు తీస్తే సరిపోయేది. ఆ సినిమా వల్లే ఫుప్పమ్మ వెళ్ళలేదని నేననను, ఆమె పట్టుదల ఆమెది. కానీ ఆ వారం తిరిగేసరికి మా వంటింట్లో నలుగురు ఆడవాళ్ళూ, కొట్లో ఒక మాస్టారూ ఒక్కటే మాట మీద ఉన్నారు, ఆ కథ ఇంకోలా ముగిసి ఉండొచ్చని చెప్పేవాళ్ళు ఆమెకు ఒక్కరూ లేకపోయారు. ఇప్పుడు ఎన్ని వేలమంది ఎన్ని వేల మాటలు రాస్తున్నారో. నచ్చనివాడి కిందే నచ్చినవాడి మాట ఉంటుంది, ఆఖరి రీలు ఎవరి చేతిలో అయినా ఉంటుంది, కావాలంటే ముందే చూసుకోవచ్చు. మా కాలంలో సగం కథ చూసి, మిగతా సగం ఊహించుకుని, ఆ ఊహనే నమ్ముకుని బతికేశాం.

మనవరాలు నా కళ్ళు తుడుస్తూ, నీ అభిప్రాయం కూడా రాస్తాను చెప్పు అమ్మమ్మా అని ఫోన్ పట్టుకుంది. బాగుందని రాయమన్నాను. నా ఆలోచన అక్కడ లేదు. ఫుప్పమ్మ ఉండి, ఇవాళ నా పక్కన కూర్చుని ఉంటే ఈ సినిమా ఆఖరి దాకా ఆమెకు చూపించేదాన్నా అని నన్ను నేను అడుగుతున్నాను. చూపించేదాన్ని కాదు. వాడు మెట్ల కింద నిలబడగానే, ఇంక చాల్లే ఫుప్పమ్మా, అన్నానికి వేళయింది అని టీవీ కట్టేసేదాన్ని.